పత్తియుద్ధకాలపు కాగితపు సొమ్ము

అమెరికా ఖండమున ఉత్తర, దక్షిణ రాష్ట్రములు 1861 మొదలు 1865 వరకు సాగించిన అంతర్యుద్ధమునకును, నంద్యాల చుట్టునుగల నల్లరేగడి చేలకును నడుమ పత్తి యొక వంతెనయై నిలిచినది. ఉత్తరసేనల నౌకలు దక్షిణపు రేవులను దిగ్బంధించగా, ఇంగ్లండులోని లాంకషైరు మిల్లులు పత్తి కొరవడి భారతదేశమువైపు చేయి చాచెను. ఇచ్చట పత్తిధర ఆకసమునకెగసి, యుద్ధము ముగియగనే కుప్పకూలెను. ఆనాటి కాగితపు ద్రవ్యమును సేకరించు మనవారు విదేశపు నోట్లకై మాత్రమే వెదకుట నాకు న్యాయముగా తోచదు; ఆ కాలమునందే మనకును సర్కారు నోటు పుట్టినది.

ఆళ్లగడ్డ ప్రాంతపు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కోయిలకుంట్ల ఖజానాపై దాడి వెడలిననాటికి దేశమున సర్కారు నోటన్నదే లేదు. ప్రెసిడెన్సీ బ్యాంకుల నోట్లు వాడుకలో నుండెడివి. 1861 నాటి కాగితపు ద్రవ్యచట్టముతో నోట్లు వెలువరించు అధికారము ప్రభుత్వమునకు సంక్రమించెను. విక్టోరియా రాణి చిత్తరువుతో, ఒకవైపు మాత్రమే అచ్చువేయబడి, చేతితో తయారైన కాగితమున నీటిగుర్తులు దాల్చిన ఆ నోటును వెలుతురునకెత్తి చూచుటయే ఒక భాగ్యము. దూరదేశమునకు సొమ్ము పంపువారు నోటును నడిమికి కోసి, ఒక తుండును టపాలో పంపి, అది చేరినదని జాబు వచ్చిన పిమ్మట రెండవదానిని పంపెడివారు. అందువలననే నేడు సేకర్తలకు ఒంటితుండ్లును లభించుచుండును. ఆనాటి వర్తకుని జాగ్రత్తకు అంతకన్న ప్రత్యక్షసాక్ష్యము వేరొకటి లేదని నా యభిప్రాయము.

అమెరికా దక్షిణ రాష్ట్రముల నోట్ల కథ మరింత శోచనీయము. ఉభయపక్షములకు సంధి కుదిరిన ఆరు మాసములకు సొమ్ము చెల్లింతుమని వానిలో పెక్కింటిపై వాగ్దానముండెను. సంధి కుదరలేదు, వాగ్దాతయే నశించెను, ఆ ఋణములు చెల్లవని 1868 నాటి రాజ్యాంగ సవరణము శాసించెను. వానికి నకళ్లు నాడే వెలసినవి, నేటికిని వెలయుచున్నవి. అసలు నోట్లలో అధికభాగముపై గుమాస్తాలు స్వహస్తముతో చేసిన సంతకములుండును; అక్షరములతోపాటు సంతకమును అచ్చుపడినచో, కాగితము కావలెనని పసుపుబార్చినట్లు పెళపెళలాడినచో, కొనుటకు ముందు తెలిసినవారికి చూపుట మేలు.

తాతలనాటి చిట్టా ఆవర్జాలలో ఆనాటి సర్కారు నోటు దొరకినపుడు దానిని ఉతకరాదు, ఇస్త్రీ చేయరాదు, చినుగునకు టేపు అంటింపరాదు, లామినేషను మాటయే తలపరాదు. ఎండయు చెమ్మయు సోకని చోట, మడత పెట్టక, ఆమ్లము లేని కాగితపు కవరులో నుంచి, అది ఎవరి పద్దులలో, ఏ యూరిలో దొరకెనో వేరొక చీటిపై వ్రాసి చేర్చవలెను. ఆ చీటి లేని నోటునకు అంగడిలో ధరయుండునేమోగాని మన సీమ చరిత్రలో చోటు చిక్కదు.