బ్యాటరీకి మార్కులు

పిల్లలూ! మన నెల్లూరు సముద్రతీరంలో ఇసకపల్లి అనే ఊరుంది. అక్కడ ఉప్పుమళ్ళు ఉన్నాయి. సముద్రపు నీటిని మళ్ళలోకి పెట్టి ఎండకు వదిలేస్తారు. ఎండకు నీరు ఆవిరవుతున్నకొద్దీ మిగిలిన నీరు చిక్కబడుతుంది. ఎంత చిక్కబడిందో నాలుక చెప్పలేదు; మొదటి మడిలోనూ ఉప్పే, చివరి మడిలోనూ ఉప్పే! అందుకని ఉప్పు తయారుచేసే వాళ్ళు అడుగున బరువు కట్టిన ఒక గాజుగొట్టాన్ని నీళ్ళలో వదిలి చూస్తారు. నీరు పలచగా ఉంటే గొట్టం లోతుకు మునుగుతుంది. చిక్కగా ఉంటే పైకి తేలుతుంది. గొట్టం మీద గీతలుంటాయి, ఏ గీత దాకా మునిగిందో చూసుకుంటే చాలు. మంచినీటిని 1 అనుకుంటే సముద్రపు నీరు సుమారు 1.025. ఉప్పు పలుకులు కట్టే వేళకు అది దాదాపు 1.21 అవుతుంది. ఈ అంకెను విశిష్ట గురుత్వం అంటారు. ఆ గొట్టం పేరు హైడ్రామీటరు.

బ్యాటరీ సంగతి చెబుతానని ఉప్పు సంగతి ఎత్తుకున్నాడేమిటి ఈ మాస్టారు అనుకుంటున్నారా? ఈ గొట్టానికి తమ్ముడు లాంటిది ఇంకొకటి ఉంది. మీ ఇంట్లో ఇన్వర్టరు పక్కన కూర్చున్న బ్యాటరీ నాడి పట్టి చూసేది అదే. దాని విలువ నాకు ఆలస్యంగా తెలిసింది.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చింది. అది 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది గాని, అంతకుముందే మన జిల్లాలో కుండపోతగా వాన కురిసింది. మా ఊళ్ళో కరెంటు పోయింది. మా ఇంట్లో ఇన్వర్టరు ఉంది, దాని మీద పచ్చదీపం వెలుగుతోంది, ఇంకేం భయం అనుకున్నాను.

చీకటి పడేవేళకు పక్కింటి అమ్మాయి పిల్లవాణ్ణి చంకన వేసుకుని పరుగెత్తుకొచ్చింది. "అయ్యవారూ, వీడికి ఆయాసం ఎక్కువైంది. మందు పట్టే మిషను పెట్టాలి, మా ఇంట్లో కరెంటు లేదు" అంది. ముక్కుకు తొడిగితే మందును పొగలాగా పీల్పించే మిషను అది. వెంటనే పెట్టాం. నాలుగైదు నిమిషాలు ఆడిందో లేదో, ఇన్వర్టరు కీచుమని అరిచి ఊరుకుంది. ఇల్లంతా చీకటి. ఆ చీకట్లో పిల్లవాడి ఊపిరి పిల్లికూతలు వినిపిస్తున్నాయి.

అదృష్టంకొద్దీ మా ఊరి పక్కన రొయ్యల గుంటలున్నాయి. రాత్రిపూట గుంట నీటిలోకి గాలి కొట్టకపోతే రొయ్యలు చచ్చిపోతాయి, అంచేత అక్కడ డీజిలు జనరేటరు ఉంటుంది. పిల్లవాడి మీద పట్టా కప్పి, మోటారు సైకిలు మీద ఆ షెడ్డుకు తీసుకుపోయారు. మిషను ఆడింది, వాడు తేరుకున్నాడు. నేను మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదు. పచ్చదీపం నన్నెందుకు మోసం చేసింది?

నీళ్ళు తీసిన తరువాత నా పాత విద్యార్థి ఒకడు చూడవచ్చాడు. చాలా ఏళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేసినవాడు.

"మీటరు పెట్టి చూశారా సార్?" అని అడిగాడు.

"చూశానురా. 12.45 వోల్టులు ఉంది. నిండుగా ఉంటే 12.6 పైన, సగం ఉంటే 12.2. అంటే ముప్పాతిక వంతు ఉన్నట్టే గదా!" అన్నాను. లెక్కలు చెప్పినవాణ్ణి, నాకు తెలియదా!

వాడు నవ్వి, సంచీలోంచి ఒక గాజుగొట్టం తీశాడు. దానికి పైన రబ్బరు బుడ్డి, లోపల ఒక చిన్న హైడ్రామీటరు. కళ్ళకు అద్దాలు, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, బ్యాటరీ మూతలు ఒక్కొక్కటే తీసి లోపలి ద్రవాన్ని గొట్టంలోకి పీల్చి చూశాడు. 12 వోల్టుల బ్యాటరీ అంటే ఒక పెట్టె కాదు, ఆరు గదులు. ఒక్కొక్క గది సుమారు 2 వోల్టులు. ఐదు గదుల్లో అంకె 1.25 ఉంది. ఆరో గదిలో 1.13!

ఈ అంకెలకు అర్థం తెలియాలంటే గదిలో ఏముందో తెలియాలి. ఒక రకం పలకలు సీసంవి, రెండో రకం సీసపు డయాక్సైడువి. రెండూ నీరు కలిపిన గంధకికామ్లంలో మునిగి ఉంటాయి. బ్యాటరీ మనకు కరెంటు ఇచ్చేటప్పుడు ఆమ్లంలోని గంధకపు భాగం పలకల్లోకి పోయి సీసపు సల్ఫేటు అవుతుంది. ద్రవంలో నీటి పాలు పెరుగుతుంది, అది పలచబడుతుంది. మనం కరెంటు ఎక్కించేటప్పుడు ఆ భాగం మళ్ళీ ద్రవంలోకి వచ్చి చిక్కబడుతుంది. కనుక చిక్కదనమే దాని నిండుదనం! నిండుగా ఉంటే సుమారు 1.26, సగముంటే 1.19, ఖాళీ అయితే 1.12 దాకా దిగుతుంది. 1859లో ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెండు సీసపు రేకులు ఒకదానికొకటి తగలకుండా చుట్టచుట్టి ఆమ్లంలో ముంచాడు. మన ఇంటి బ్యాటరీకి అదే తాత.

ఇప్పుడు నా 12.45 లెక్క చూడండి. ఐదు గదులు కలిసి 10.48 ఇస్తున్నాయి, ఆరోది 1.97 ఇస్తోంది. మొత్తం 12.45. మీటరు నిజమే చెప్పింది! నేను ముప్పై ఏళ్ళకు పైగా మార్కుల రిజిష్టర్లు రాశాను. ఐదుగురికి ఎనభై చొప్పున వచ్చి ఒకడికి ఇరవై వస్తే సగటు డెబ్భై. సగటు చూసి తరగతి బాగుందనేవాళ్ళతో నేను ఎన్నిసార్లు పోట్లాడానో! తీరా నా ఇంట్లో నేనే సగటు చూసి మోసపోయాను.

ఆరు గదులూ వరసగా కలిపి ఉంటాయి, ఒకే కరెంటు అన్నిటిలోంచీ పోవాలి. బావి దగ్గర ఆరుగురు నిలబడి బిందెలు చేతులు మార్చుకుంటున్నప్పుడు ఒకడు నీరసించి కూలబడితే మిగతా ఐదుగురి బలం ఎందుకు పనికొస్తుంది? బరువు లేనప్పుడు అందరూ నిలబడే ఉంటారు. బిందె చేతికొచ్చినప్పుడే తెలుస్తుంది ఎవరు ఎంతటివాడో. అందుకే ఊరికే ఉన్న బ్యాటరీకి మీటరు పెడితే చాలదు. ఫ్యాను, దీపాలు వేసి, ఒక గంట ఆడించి, వోల్టులు ఎంత దిగాయో చూడాలి.

ఆరో గది ఎందుకు చెడింది? ఒకసారి దానిలో మట్టం తగ్గితే డిస్టిల్డు వాటరు దొరకక బోరునీళ్ళు పోశాను. తీరప్రాంతపు బోరునీళ్ళలో ఉప్పెంతో మీకు తెలుసు. పైగా ఒక వేసవిలో ఊరికి పోతూ బ్యాటరీని ఖాళీగా వదిలేశాను. ఎక్కువ కాలం ఖాళీగా ఉంటే సీసపు సల్ఫేటు, వానాకాలంలో జాడీలో ఉప్పు గడ్డకట్టినట్టు గట్టిపడిపోతుంది. ఆ తరువాత ఎంత కరెంటు ఎక్కించినా పూర్తిగా కరగదు. ఎండ తగిలే వసారాలో పెట్టడం మూడో తప్పు. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగం అవుతుంది. మరి పచ్చదీపం? మొత్తం వోల్టులు కావలసినంతకు చేరాయని మాత్రమే దానికి తెలుసు. ఏ గది సంగతీ దానికి తెలియదు.

"మా ఎక్స్ఛేంజిలో 2 వోల్టుల గదులు ఇరవై నాలుగు వరసగా ఉండేవి సార్, మొత్తం 48 వోల్టులు" అన్నాడు మావాడు. "ప్రతి గదికీ ఒక నంబరు. వోల్టులు, చిక్కదనం తేదీ వేసి రిజిష్టరులో రాసేవాళ్ళం. ఒకనాటి అంకె చూసి ఏమీ చెప్పలేం. నెల నెలా ఏ గది వెనకబడుతోందో చూడాలి."

ఒక్క మాట. పిల్లలు బ్యాటరీ మూత తీయకూడదు. ఆ ఆమ్లం కళ్ళలో పడితే చూపు పోతుంది. కరెంటు ఎక్కేటప్పుడు బ్యాటరీలోంచి ఉదజని వాయువు వస్తుంది, అగ్గిపుల్ల గీస్తే పేలుతుంది. పెద్దవాళ్ళయినా గాలి ఆడేచోట, కళ్ళద్దాలు పెట్టుకునే చూడాలి. మూతలు లేని సీలు బ్యాటరీలయితే హైడ్రామీటరు పెట్టే వీలు లేదు, వాటికి గంటసేపు ఆడించే పరీక్షే గతి.

మీ చేతులు ఊరుకోకపోతే ఇంకో పని ఉంది. కూల్‌డ్రింకు తాగే గొట్టం ఒకటి తీసుకుని, ఒక కొసను మైనంతో మూసి, లోపల నాలుగు చిన్న మేకులు వేసి, గ్లాసు నీళ్ళలో నిలబెట్టండి. మునిగినచోట గీత గీయండి. తరువాత నీళ్ళలో చెంచా చెంచా ఉప్పు కలుపుతూ, ప్రతిసారీ ఒక గీత గీయండి. మీకు హైడ్రామీటరు తయారైనట్టే.

మా ఇంట్లో కొత్త బ్యాటరీ వచ్చింది. వసారాలో కాదు, నీడన పెట్టాం. గోడకు ఒక నోటుబుక్కు వేలాడుతోంది. ప్రతి నెలా మొదటి ఆదివారం నేను అద్దాలు పెట్టుకుని అంకె చదువుతాను, మా మనవరాలు దూరంగా నిలబడి రాస్తుంది. పోయిన నెల మూడో గది 1.250. ఈ నెల 1.245. మిగతా ఐదూ కదలలేదు. "తాతా, మూడో వాణ్ణి పిలిపించి అడుగుదామా?" అంటోంది. వచ్చే ఆదివారం దాకా ఆగమన్నాను.