చిన్ననాటి కాన్పు, నడివయసు రోగము

ఎరువులను గూర్చియు విత్తనశుద్ధిని గూర్చియు వ్రాయు అలవాటుగల నేను ఈ మాసమున స్త్రీల యారోగ్యమును గూర్చి వ్రాయుట కొందఱకు వింతగా తోచవచ్చును. కారణము చెప్పెదను.

గత ఫాల్గుణమున ఒక గ్రామములో మాగాణి పెసర చూడబోయినప్పుడు ఒక సభ్యుడు నన్ను గట్టుప్రక్కకు పిలిచి, పంట ఋణములో కొంత సొమ్ము పిల్ల పెండ్లికి వాడుకొన్నచో సంఘమువారు ఆక్షేపింతురా యని యడిగెను. పిల్లకు వయసెంత యని నేనడిగితిని. “పదునాఱు నిండినవండీ. మంచి సంబంధము. ఆగిన కొలది కట్నము పెరుగునుగదా” అనెను. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మా యక్క జ్ఞప్తికి వచ్చినది.

మా యక్కకు పదునాఱవ యేట వివాహము, పదునేడవ యేట కాన్పు. ఎనిమిదవ మాసమున కాళ్లు నీరుపట్టి, విడువని తలనొప్పి పుట్టి, ఒకనాటి తెల్లవారుజామున మూర్ఛలు వచ్చినవి. గుఱ్ఱపువాతమని మనవారు చెప్పునది ఇదియే. ట్రాక్టరుపై పట్నమునకు చేర్చితిమి. తల్లి బ్రదికెను. బిడ్డ రెండు కిలోలైనను తూగలేదు. ఇంటికి పంపునప్పుడు గండము గడచినదని చెప్పిరేగాని, రక్తపుపోటును ఏటేట చూపించుకొనవలెనని ఎవ్వరును చెప్పలేదు, మేమును అడుగలేదు. ముప్పదితొమ్మిదవ యేట నాట్లు వేయించుచుండగా కుడిచేయి పడిపోయి గట్టున కూలబడినది.

ఆనాటి మూర్ఛయే ఈ పక్షవాతమునకు కారణమని నేను తీర్పు చెప్పజాలను. కాని గర్భకాలమున రక్తపుపోటు హెచ్చి మూర్ఛలు వచ్చిన స్త్రీలకు తరువాతి కాలమున రక్తపుపోటు, గుండెజబ్బు, పక్షవాతము వచ్చు అవకాశము తక్కినవారికంటె హెచ్చని వైద్య పరిశోధకులు నిర్ధారణ చేసియున్నారు. ఇరువదియేండ్లు లోపాయికారిగా పెరుగుచున్న బాకీ అది. ఖాతా తెఱచి చూచినవారు లేకపోయిరి. గర్భిణిగా నున్నప్పుడు కనబడిన మధుమేహమునకును ఇదే లెక్క. కాన్పుతో చక్కెర తగ్గినదని మురిసి ఊరకుండరాదు. ఆఱు వారములకు ఒకమాఱు, పిదప ఏటేట పరీక్ష చేయింపవలెను.

ఆడబిడ్డను పశువుతో పోల్చుట తగదని యెఱుగుదును, క్షమింపుడు. మంచి రైతెవ్వడును పెయ్యను మొదటి యెదకే కట్టింపడు. ఒడలు నిండువఱకు ఆగును. రజస్వల యైనంతమాత్రమున బాలిక యెదుగుదల పూర్తికాదు. కటి యెముకలు ఆ పిదపను కొన్ని యేండ్లు పెరుగుచుండును. అట్టి వేళ గర్భము నిలిచినచో, తల్లి దేహమును బిడ్డ దేహమును ఒకే కంచములోని అన్నమునకు పోటీపడును. ఇరువది దాటినవారికంటె ఈ బాలికలకు మూర్ఛలును బాలింతజ్వరములును హెచ్చు. శిశువులు నెలలు నిండకయే తక్కువ తూకముతో పుట్టుటయు హెచ్చు.

ఇది పాతకాలపు కథయని తలంపవలదు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 20 మొదలు 24 ఏండ్ల స్త్రీలలో పదునెనిమిది నిండకమునుపే పెండ్లియైనవారు ఆంధ్రప్రదేశమున నూటికి 29 మంది, తెలంగాణమున 23 మందికి పైగా తేలిరి. 1929 నాటి శారదా చట్టము బాలిక వయసును 14 అనియు, 1978లో చేసిన సవరణ 18 అనియు నిర్ణయించెను. 2006 నాటి చట్టము ప్రకారము ఇట్టి పెండ్లి జరిపించినవారికి రెండేండ్ల ఖైదును లక్ష రూపాయల జుల్మానాయు పడవచ్చును. చట్టమునకు వెఱచి జాతకములో వయసు దిద్దువారును గలరు. ఒంటిలోని యెముకలను దిద్దువాడు మాత్రము లేడు.

ఇక రక్తహీనత. ఆ సర్వేలోనే రెండు రాష్ట్రములందును సగముకంటె హెచ్చుమంది స్త్రీలకు రక్తము చాలదని తేలినది. దీని వెనుక మనము గర్వింపదగిన కథ యొకటి కలదు. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయికి వచ్చి, మిల్లుకూలీలగు బీద గర్భిణులు ఒకవిధమగు రక్తహీనతచే మరణించుట చూచి, వారి తిండిని పరిశీలించెను. ఆ తిండినే తినిపించిన కోతులకును అట్టి జబ్బే వచ్చెను. మార్మైట్ అను ఈస్టు సారముతో కుదిరెను. 1931లో ఆమె ఈ సంగతి ప్రకటించెను. అందలి గుణద్రవ్యమేమో ఆనాడు తెలియదు. 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూరనుండి దానిని వేఱుచేసి, ఆకునుబట్టి ఫోలికామ్లమని పేరిడిరి. 1945లో దానిని రసాయనశాలలో తయారుచేసిన లెడర్లీ పరిశోధకులకు నాయకుడు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. సోదరులను స్ప్రూ అను గ్రహణివ్యాధి బలిగొనగా చూచినవాడు. ఈ మందు ఆ వ్యాధికిని పనికివచ్చెను.

నేడు అంగన్‌వాడీలలోను ఆరోగ్యకేంద్రములలోను ఉచితముగా నిచ్చు ఇనుపమాత్రలో నున్నది ఆ ఫోలికామ్లమే. ఎదుగు బాలికలకు వారమున కొక నీలి మాత్ర. గర్భిణికి దినమున కొక ఎఱ్ఱమాత్ర చొప్పున 180 దినములు, కాన్పు పిదప మఱి 180 దినములు. మాత్ర వేసికొన్నచో విరేచనము నల్లబడును. ఆ సంగతి ముందుగా చెప్పకపోవుటచే బెదరి దిబ్బలో పాఱవేసిన మాత్రలను నేను కన్నులార చూచితిని. తేనీటితో మ్రింగరాదు, నిమ్మరసము మంచిది. తోటకూర, కందులు, వేరుసెనగ మన చేలలో పండునవే. వానిని బజారుకు తోలి, తెల్లబియ్యము పచ్చడితో ఆడువారు చివరి పంక్తిలో భుజించుట మన యిండ్ల యాచారమైనది. దీనికి సర్కారును నిందించి లాభములేదు.

ఆ సభ్యునకు నేనిచ్చిన జవాబు చిన్నది. పంట ఋణము పంటకే. పిల్లకు ఇంక రెండేండ్లు చదువు చెప్పింపుము. పెండ్లికని నెలనెల సంఘములో పొదుపు వేయుము, కట్నము పెరిగినను దానితో సరిపెట్టుకొనవచ్చును. మఱియు మా యక్క సంగతి చెప్పితిని. అతడు తలవంచుకొని వినెను, ఔననలేదు, కాదనలేదు. పిల్ల ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరము పరీక్షలు వ్రాసినదని తరువాత వినికిడి. ఉగాది వెళ్లినది. శుభలేఖ ఇంకను రాలేదు.