గుండె గోలీ, కడుపు పుండు

రోజుకో 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వేసుకునేవారిలో చాలామందికి కడుపులో పుండు పడదు, రక్తం కారదు. కొద్దిమందికి అలా జరిగినప్పుడు మాత్రం తప్పు తరచుగా ఆస్పిరిన్ ఒక్కదానిదే కాదు, దానికి తోడుపడ్డది ఇంకొకటి ఉంటుంది.

తనలో ఊరే ఆమ్లానికి కడుపు తానే కాలిపోకుండా లోపలి గోడను జిగట పొర కాపాడుతుంది. ఆ జిగటను ఊరించేవి, గోడకు రక్తం అందేలా చూసేవి ప్రోస్టాగ్లాండిన్లు. ఆస్పిరిన్ వీటి తయారీని ఆపేస్తుందని 1971లో జాన్ వేన్ చూపారు. 1982 నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో ఆయన ఒకరు. రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లను ఈ మందు అడ్డుకునేదీ అదే దారిలో. గుండెను కాచే గుణమే పుండు నుంచి కారే రక్తాన్ని ఆగనివ్వదు. కడుపు దాటి పేగులో కరిగేలా పూత పూసిన మాత్రలున్నాయి. కానీ మందు రక్తంలో కలిశాకే ఎక్కువ హాని చేస్తుంది కనుక, ఆ పూతను నమ్ముకుని నిశ్చింతగా ఉండడానికి లేదు.

అన్నిటికన్నా పెద్ద ముప్పు పాత పుండు. ఒకసారి పుండు పడి రక్తం కారినవారికి మళ్లీ కారే అవకాశం ఎక్కువ. వయసు 60 దాటాక ముప్పు ఏటికేడు పెరుగుతుంది. మన దేశంలో చాలామంది కడుపుల్లో చిన్ననాటి నుంచే కాపురముండే హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా మరొక కారణం. పుండుకు, దీనికి ఉన్న సంబంధాన్ని బయటపెట్టిన మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ దక్కింది. పరీక్షలో ఇది కనబడితే రెండు వారాల యాంటీబయాటిక్ మందులతో సాధారణంగా పోతుంది.

ఇక రెండో గోలీ సంగతి. జహీరాబాద్ చుట్టుపక్కల చెరకు, అల్లం పొలాల్లో వంగి పనిచేసి వయసు మళ్లినవారికి మోకాళ్లు, నడుము నొప్పులు కొత్త కాదు. మెడికల్ షాపులో ‘నొప్పుల గోలీ’ అని అడిగితే చేతికొచ్చేది డైక్లోఫెనాకో, ఐబూప్రొఫెనో కావచ్చు. ఇవి కూడా ప్రోస్టాగ్లాండిన్లనే దెబ్బతీస్తాయి. ఆస్పిరిన్‌తో కలిస్తే ముప్పు బాగా పెరుగుతుంది. పైగా ఐబూప్రొఫెన్ గుండెకు ఆస్పిరిన్ చేసే మేలునే అడ్డుకోగలదు. బీపీ గోలీ, షుగర్ గోలీ అని డాక్టరుకు ఒప్పజెప్పేవారు కూడా ఈ నొప్పుల గోలీని మందుల లెక్కలో చేర్చరు. చిక్కంతా అక్కడే. మామూలు నొప్పికి పారాసెటమాల్ కడుపుకు చాలా నయం. స్టెంట్ వేశాక ఇచ్చే క్లోపిడోగ్రెల్, రక్తం పలచబడేందుకు వాడే వార్ఫరిన్, స్టెరాయిడ్లు, మద్యం కూడా ఆస్పిరిన్‌తో కలిస్తే ముప్పును పెంచేవే.

ముప్పు ఎక్కువున్నవారికి ఆస్పిరిన్‌తోపాటు పాంటొప్రజోల్ వంటి ఆమ్లం తగ్గించే మాత్ర రాస్తారు. గుండెజబ్బు లేకుండానే ముందుజాగ్రత్తగా ఆస్పిరిన్ మొదలుపెట్టే పెద్దవాళ్లది వేరే కథ. ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19,114 మంది వృద్ధులపై జరిగిన ఆస్ప్రీ అధ్యయనం 2018లో తేల్చింది: వారికి గుండె పరంగా చెప్పుకోదగ్గ మేలు జరగలేదు, తీవ్ర రక్తస్రావాలు మాత్రం పెరిగాయి. స్టెంట్ ఉన్నవారు ఇది చదివి మాత్ర మానేయకూడదు. డాక్టరును అడగకుండా ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టవచ్చు.

నొప్పి లేదు కదా అని పుండు లేదనుకోవడానికి వీల్లేదు. చాలామందిలో తొలి గుర్తు తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో వచ్చే విరేచనమే. రక్తం మెల్లగా కారితే అదీ కనబడదు. నాలుగడుగులకే ఆయాసం, నీరసం, పాలిపోయిన ముఖం మాత్రం మిగులుతాయి. ఐరన్ మాత్రలు వాడేవారికి కూడా మలం నల్లబడుతుంది. అనుమానం ఉంటే ఎండోస్కోపీ చేసి చూస్తారు.