పరిమళానికి ఆయుష్షు

వేపాకు, వాము, లవంగం, నిమ్మగడ్డి... వీటి వాసన పురుగుకు గిట్టదని మన వంటింటికి ఎప్పటి నుంచో తెలుసు. ఆ వాసన పొలంలో ఒక్క పూటైనా నిలవకపోవడమే ఇన్నాళ్ల చిక్కు. కంటికి ఆనని గుళికల్లో దాన్ని దాచి, కావలసినన్ని రోజులు కొద్దికొద్దిగా వదిలే విద్య ఇప్పుడు చేతికొస్తోంది.

కొత్త బియ్యం ఇంటికి రాగానే డబ్బాలో నాలుగు ఎండుమిరపకాయలో, గుప్పెడు వేపాకో, కాసిని లవంగాలో వేయడం ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉన్న అలవాటే. వెనకటికి ధాన్యం గాదెల్లో వావిలాకు పరిచేవారు. కందులకు ఆముదం పట్టించి ఎండబెట్టి దాచేవారు. ముక్కపురుగు, పుచ్చుపురుగు ఆ వాసనల దరి చేరవని తరాల తరబడి చూసి నేర్చుకున్నారు. మూత బిగించిన డబ్బాలో ఆ చిట్కా చక్కగా పనిచేసింది.

అదే వాసనను మూత లేని చోట, ఎకరం మిరపతోట మీద చల్లితే? పొద్దున కొట్టిన నూనె మధ్యాహ్నానికి సగం ఆవిరైపోతుంది. ఎండ తగిలితే విరిగిపోతుంది, గాలి తగిలితే గుణం మారుతుంది. నూనె కాబట్టి నీళ్లలో సరిగా కలవదు. రైతు మళ్లీ పంపు భుజానికెత్తుకుని ఘాటైన రసాయనం వైపే వెళ్తాడు. అతన్ని తప్పు పట్టలేం. కళ్లముందు పూత రాలిపోతుంటే ఎవరు ఆగుతారు? 2021లో నల్ల తామరపురుగు మిరప పూతను తినేస్తున్నప్పుడు తెలుగు రాష్ట్రాల రైతులు మందు మీద మందు కొట్టారు. అప్పటికీ ఆగక తోటలకు తోటలే పీకేసినవాళ్లూ ఉన్నారు.

నిలకడే బలం, నిలకడే శాపం

పురుగుమందుల కథంతా నిలకడ చుట్టూనే తిరిగింది. డీడీటీ పురుగుల్ని చంపుతుందని 1939లో స్విట్జర్లాండ్ రసాయన శాస్త్రవేత్త పాల్ ముల్లర్ కనిపెట్టాడు. ఒకసారి చల్లితే నెలల తరబడి పనిచేసే ఆ మందును లోకం అద్భుతమనుకుంది. 1948లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ నిలకడే తర్వాత మెడకు చుట్టుకుంది. డీడీటీ నేలలో ఏళ్ల తరబడి ఉండిపోయింది, చేపల్లో, పక్షుల్లో, పాలలో పేరుకుపోయింది. 1962లో రేచల్ కార్సన్ రాసిన ‘సైలెంట్ స్ప్రింగ్’ ఆ ప్రమాదాన్ని ప్రపంచానికి చూపించింది. మన దేశం 1989లో వ్యవసాయంలో డీడీటీ వాడకాన్ని నిషేధించింది.

మొక్కల మందుకూ ఇలాంటి కథే ఒకటుంది. పైరెత్రమ్ అనే చామంతి జాతి పువ్వులో సహజంగానే పురుగుల్ని పడగొట్టే గుణం ఉంది. ఎండ తగలగానే ఆ గుణం పోతుంది. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో మైకేల్ ఇలియట్ బృందం ఆ అణువు నిర్మాణాన్నే మార్చి, 1973లో ఎండకు తట్టుకునే పర్‌మెత్రిన్‌ను తయారుచేసింది. ఆ కుటుంబం నుంచి వచ్చిన సింథటిక్ పైరెత్రాయిడ్లే మన పత్తిచేలను ముంచెత్తాయి. వాటికి చేపలు, తేనెటీగలు బలయ్యాయి, పురుగు మాత్రం అలవాటు పడింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిలో శనగపచ్చ పురుగు ఏ మందుకూ లొంగక విరుచుకుపడ్డ కాలాన్ని ఆ ప్రాంతపు రైతు కుటుంబాలు ఇంకా మరవలేదు.

అంటే, నిలవని మందును నిలబెట్టడానికి అణువునే మార్చడం ఒక దారి. అది మనల్ని ఎక్కడికి చేర్చిందో చూశాం. రెండో దారిలో అణువును ముట్టుకోరు. దానికి కొన్నాళ్లుండే తొడుగు తొడుగుతారు. పని అయ్యాక తొడుగూ, లోపలి మందూ రెండూ మట్టిలో కలిసిపోతాయి. సుగంధ తైలాలను గుళికల్లో బంధించే ప్రయత్నమంతా ఈ రెండో దారిదే.

పురుగుకు పట్టే ఘాటు

లవంగంలో యూజెనాల్, వాములో థైమాల్, నిమ్మగడ్డిలో సిట్రాల్, జామాయిలు ఆకులో సినియోల్. ఇవన్నీ మొక్కలు తమను తాము కాపాడుకోవడానికి తయారుచేసుకున్న ఆయుధాలే. వీటిలో కొన్ని పురుగు ఒంట్లో ఆక్టోపమైన్ అనే పదార్థం చేసే పనిని చెడగొడతాయి. మనకు అడ్రినలిన్ ఎలాగో పురుగుకు ఆక్టోపమైన్ అలాంటిది. గుండె వేగం, రెక్కల కదలిక, చురుకుదనం దాని చేతిలోనే ఉంటాయి. మన శరీరం దాని మీద అంతగా ఆధారపడదు. అందుకే పురుగును తడబెట్టే మోతాదు మనిషికి అంత హాని చేయదు. పైగా ఒక్కో తైలంలో పదుల కొద్దీ పదార్థాలు కలిసి ఉంటాయి. ఒకే అణువుకు అలవాటు పడినంత తేలిగ్గా ఇన్నింటికి పురుగు అలవాటు పడలేదు.

బూరె, బూందీ, పాలపొడి

ఇంత సూక్ష్మమైన తొడుగును ఎలా తయారుచేస్తారు? మన వంటింట్లోంచి చూస్తే తేలిగ్గానే అర్థమవుతుంది.

ఒక పద్ధతి పాలపొడి తయారీలాంటిది. నూనెను తుమ్మ జాతి చెట్టు బంక కలిపిన నీళ్లలో సన్నని చుక్కలుగా చిలికి, వేడిగాలిలోకి పిచికారీ చేస్తారు. నీళ్లు ఆరిపోయి ఒక్కో నూనె చుక్క చుట్టూ బంక పొర మిగులుతుంది. పూర్ణాన్ని తోపు పిండి కప్పేసినట్టన్నమాట. ఇంకో పద్ధతి బూందీ దూసినట్టుంటుంది. సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్‌లో నూనె కలిపి, కాల్షియం ద్రావణంలోకి చుక్కచుక్కగా జారవిడుస్తారు. పడ్డ చుక్క పడ్డట్టే గట్టిపడుతుంది. మూడోది సైక్లోడెక్స్‌ట్రిన్. పిండి పదార్థం నుంచి వచ్చే ఈ చక్కెర వలయం లోపలి వైపు నూనెను ఇష్టపడుతుంది, బయటి వైపు నీటిని ఇష్టపడుతుంది. వాసన అణువు ఆ గూట్లో ఒదిగి కూర్చుంటుంది.

నాలుగోది మన తీరానికి బాగా దగ్గరి చుట్టం. రొయ్య పొట్టులో కైటిన్ ఉంటుంది. దాన్ని క్షారంతో శుద్ధి చేస్తే కైటోసాన్ వస్తుంది. పల్చని ఆమ్లంలో కరిగే ఈ పదార్థంలో నూనెను చిలికి, ట్రైపాలీఫాస్ఫేట్ అనే లవణం చేరిస్తే మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా చిన్న గుళికలు తయారవుతాయి. కైటోసాన్ ధనావేశంతో ఉంటుంది కాబట్టి ఆకును పట్టుకుని ఉంటుంది, వానకు అంత తొందరగా జారిపోదు. చెరువు రొయ్యల సాగులో దేశానికే ముందున్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ప్రాసెసింగ్ కేంద్రాల దగ్గర గుట్టలుగా పడే తలలు, పొట్టు రేపు మిరపచేనుకు కవచం కావచ్చన్న ఆలోచనే ఎంతో ఊరటనిస్తుంది.

మాటలు కాదు, లెక్కలు

తొడుగు నిజంగా ఎంత తేడా తెస్తుంది? 2009లో చైనా పరిశోధకులు వెల్లుల్లి నూనెను పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పదార్థపు నానో గుళికల్లో నింపి పిండి పురుగుల మీద ప్రయోగించారు. ఐదు నెలల తర్వాత కూడా ఆ గుళికలు 80 శాతానికి పైగా పురుగుల్ని అదుపు చేశాయి. దాదాపు అదే మోతాదులో విడిగా వాడిన నూనె ఫలితం 11 శాతమే. నూనె మారలేదు. చొక్కా ఒక్కటే మారింది.

ప్రయోగశాల దాటి పొలానికి చేరిన ఉదాహరణా ఉంది. ఇంగ్లండ్‌కు చెందిన ఈడెన్ రీసెర్చ్ సంస్థ రొట్టెల్లో వాడే ఈస్ట్ కణాలను తీసుకుని, లోపలి పదార్థం తీసేసి, మిగిలిన డొల్లల్లో యూజెనాల్, జెరానియాల్, థైమాల్ నింపింది. మెవలోన్ పేరుతో ఐరోపా ద్రాక్షతోటల్లో బూజు తెగులు మీద దీన్ని వాడుతున్నారు. పొడిగా ఉన్నంతసేపు గుళిక నోరు విప్పదు. తేమ తగిలితే విప్పుతుంది. బూజు పెరగడానికి కావలసిందీ ఆ తేమే. తెగులు తలెత్తే వేళకే మందు మేలుకోవడం ఇందులోని అందం. ఆ మూడు పదార్థాలకూ ఐరోపా సమాఖ్య 2013లో ఆమోదం తెలిపింది.

సహజమైతే చాలదు

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. మొక్క నుంచి వచ్చిందల్లా మంచిదే అనుకోవడం ప్రమాదం. పొగాకులోని నికోటిన్ కూడా మొక్కదే, మనిషిని చంపగలదు. మోతాదు మించితే లవంగ నూనె లేత ఆకును మాడ్చేస్తుంది. కొన్ని దేశాల్లో దాన్ని కలుపుమందుగానే వాడుతున్నారు. తేనెటీగలు తిరిగే పూతవేళ ఏ నూనె ఎంత కొట్టాలో పంటపంటకూ తేల్చుకోవాలి. నానో గుళికలు నేలలో, నీటిలో ఏమవుతాయో ముందే పరీక్షించాలి. నానో వ్యవసాయ ఉత్పత్తుల భద్రతను అంచనా వేయడానికి కేంద్ర ప్రభుత్వం 2020లో మార్గదర్శకాలు తెచ్చింది. అవి కాగితం మీదే ఉండిపోకూడదు. ‘బయో’ అని రాసిన సీసాలో రసాయనం కలిపి అమ్మే మోసం రైతుకు కొత్త కాదు. కొత్త పరిజ్ఞానం ఆ మోసానికి మరో ముసుగు కాకూడదు.

ధర ఇంకో గోడ. నూరు కిలోల పచ్చి నిమ్మగడ్డిని బట్టీ పెడితే వచ్చే నూనె సుమారు అరకిలో. సబ్బులూ అత్తర్లూ ఆ నూనె కోసం పోటీపడతాయి. ఇక్కడ కూడా తొడుగే ఆదుకోవాలి. ఆవిరై పోయేది తగ్గితే తక్కువ నూనెతోనే పని జరుగుతుంది, అప్పుడే ఎకరా ఖర్చు దిగుతుంది.

కోతకు తగిన మందు

మన దగ్గర ముడిసరుకుంది, మనుషులున్నారు. సుగంధ మొక్కల మీద పనిచేసే సీమ్యాప్ పరిశోధన కేంద్రం హైదరాబాద్ బోడుప్పల్‌లోనే ఉంది. కేంద్ర ప్రభుత్వం తెచ్చిన అరోమా మిషన్ నిమ్మగడ్డి, పామరోజా సాగును ప్రోత్సహిస్తోంది. ఇరవై ఏళ్ల కిందటే పురుగుమందులు మానేసి లోకానికి దారి చూపిన ఖమ్మం ప్రాంతపు పునుకుల లాంటి పల్లెలు మన తెలుగునేల మీదే ఉన్నాయి. కషాయాలు కాచి, కొట్టి, ఫలితాన్ని నోటిలెక్కగా గుర్తుపెట్టుకున్న ఆడవాళ్లు ఆ పల్లెల్లో ఉన్నారు. ప్రయోగశాలలో తయారైన గుళిక ముందుగా వాళ్ల చేతికి వెళ్లాలి. ఏ వేళ కొట్టాలో, ఏ ఆకు మాడిందో, ఎన్నో రోజున పురుగు తిరిగొచ్చిందో వాళ్లే కచ్చితంగా చెబుతారు.

బెండతోటను గమనించండి. రోజు విడిచి రోజు కాయ కోయాల్సిందే, ఆగితే ముదురుతుంది. మందు డబ్బా మీద మాత్రం కొట్టాక ఇన్ని రోజులు కోయొద్దని ఉంటుంది. కాయ ఆగదు, విషం తగ్గదు. ఈ రెండింటి మధ్య నలిగిన రైతు కోసేస్తాడు, ఆ కాయే మన పిల్లల కంచంలోకి వస్తుంది. గుళిక తొడుగు మందాన్ని మార్చి మందు ఎన్ని రోజులుండాలో ముందే నిర్ణయించుకోవచ్చు. డీడీటీకి ఎప్పుడు వెళ్లిపోవాలో తెలియలేదు. విడి నూనెకు ఎంతసేపు ఉండాలో తెలియలేదు. ఇవాళ కొట్టి, ఎల్లుండి కోసి, చేలోనే ఒక లేత బెండకాయ విరిచి పిల్లాడి చేతిలో పెట్టగలిగే మందు కావాలి మనకు. శాస్త్రవేత్తల దగ్గర రైతు పట్టుబట్టి అడగాల్సింది అదే.