పికప్ సైడ్ స్టెప్పు: బలం పైపులో లేదు, బిగింపులో ఉంది

నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద మాడుగులపల్లి టోల్‌గేటు దగ్గర కాసేపు నిలబడితే ఈ ప్రాంతపు బతుకుదెరువంతా పికప్ బండ్ల మీద సాగిపోతూ కనిపిస్తుంది. మిర్యాలగూడ మిల్లులకు ధాన్యం, ఊళ్లకు యూరియా, సంతలకు గొర్రెలు, మేళ్లచెరువు నుంచి సిమెంటు. బొలెరో పికప్, యోధా, ఇంట్రా, 2016 నుంచి మన శ్రీసిటీలోనే తయారవుతున్న ఇసుజు, బండి ఏదైనా చాలావాటికి డోరు కింద సైడ్ స్టెప్పు ఉంటుంది. వాటిలో ఎక్కువ భాగం కంపెనీ నుంచి వచ్చినవి కావు. సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో యాక్సెసరీస్ షాపులో కొన్నవి, లేదా వెల్డింగ్ షాపులో చేయించినవి.

స్టెప్పు అవసరమైన వస్తువే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు, చీర కట్టుకున్న ఆడవాళ్లకు, భుజాన బస్తా ఉన్న హమాలీకి అది ఆసరా. మనిషి తన పూర్తి బరువును నమ్మకంగా దాని మీద వేస్తాడు. ఆ నమ్మకం నిలబడాలంటే దాన్ని బిగించే తీరు సరిగ్గా ఉండాలి. బిగింపు చుట్టూ ప్రచారంలో ఉన్న అపోహలను ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: పైపు లావుగా, బరువుగా ఉంటే స్టెప్పు గట్టిదే.

వాస్తవం: పైపు వంగి విరిగిపోవడం అరుదు. ఊడేది, చీలేది పైపు బండికి అతికే చోటే. గడ్డపారతో రాయిని పెకిలించేటప్పుడు చివర వేసిన కొద్ది బలమే మొదట్లో ఎన్నో రెట్లవుతుంది. స్టెప్పు విషయంలోనూ జరిగేది అదే. ఒక లెక్క చూడండి. 70 కిలోల మనిషి 45 కిలోల యూరియా బస్తాతో స్టెప్పు ఎక్కాడు. మొత్తం 115 కిలోలు. అతను కాలు మోపిన చోటు ఛాసిస్ నుంచి 25 సెంటీమీటర్లు బయటికి ఉంది. బ్రాకెట్ పై బోల్టుకూ, ఆ బ్రాకెట్ ఛాసిస్‌కు ఆనుకున్న కింది అంచుకూ మధ్య దూరం 10 సెంటీమీటర్లు. అతను సరిగ్గా ఆ బ్రాకెట్ ఎదుటే నిలబడితే పై బోల్టు మీద పడే లాగుడు 115 కిలోలు కాదు, దాదాపు 290 కిలోలు. దూకుతూ దిగితే ఇంకా ఎక్కువ.

కాబట్టి షాపులో పైపు మందం ఒక్కటే చూడకండి. బ్రాకెట్ ఎంత ఎత్తుంది, దాని రేకు మందమెంత, పక్కకు ఎన్ని బ్రాకెట్లు వస్తాయి అని అడగండి. డబుల్ క్యాబిన్ బండికి పక్కకు రెండు బ్రాకెట్లతో సరిపెట్టడం కన్నా మూడు ఉండటం మేలు. అనవసరంగా బరువైన పైపు ప్రతి గుంతలోనూ తన బరువుతో తానే బోల్టులను కుదుపుతుంది.

అపోహ: వెల్డింగ్ చేయిస్తే ఇక ఊడే ప్రసక్తే లేదు.

వాస్తవం: మన దగ్గర బాగా పాతుకుపోయిన నమ్మకం ఇది. నష్టం ఎక్కువ చేసేదీ ఇదే. పికప్ బరువంతా మోసేది నిచ్చెన ఆకారంలో ఉండే ఛాసిస్. లోడు వేసినప్పుడల్లా అది కొద్దిగా వంగుతుంది, గుంతలో చక్రం దిగినప్పుడు మెలి తిరుగుతుంది. ఆ వంపునూ మెలికనూ లక్షలసార్లు తట్టుకునేలా కంపెనీ దాన్ని తయారు చేసింది. దాని మీద వెల్డింగ్ పెడితే ఆ వేడికి చుట్టుపక్కల ఇనుము గుణం మారుతుంది. వెల్డింగ్ గీత అంచున ఒత్తిడి పోగుపడుతుంది. పగులు మొదలయ్యేది సాధారణంగా అక్కడే. అతుకు చెక్కుచెదరకపోయినా పక్కనున్న ఛాసిస్ చీలవచ్చు. స్టెప్పు పోతే కొత్తది కొనుక్కోవచ్చు, ఛాసిస్ చీలితే బండికే ముప్పు.

ఇంకో చిక్కు ఉంది. ఛాసిస్ వెంబడి డీజిల్ పైపులు, బ్రేకు పైపులు, వైరింగ్ పోతుంటాయి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో సెన్సర్లు, ఈసీయూ అనే కంప్యూటర్ల పని మరీ ఎక్కువ. బ్యాటరీ తీయకుండా వెల్డింగ్ చేస్తే ఆ కరెంటు వాటిని దెబ్బతీయగలదు. షాపులో బ్రాకెట్‌నూ పైపునూ కలిపి వెల్డింగ్ చేయించుకోవడంలో తప్పు లేదు. ఆ బ్రాకెట్ బండికి మాత్రం బోల్టుతోనే పట్టాలి.

అపోహ: వీలైన చోట డ్రిల్లు వేసి బోల్టు పెడితే చాలు.

వాస్తవం: ఛాసిస్ పట్టీ వంగేటప్పుడు ఎక్కువ ఒత్తిడి పడేది దాని పై అంచు మీద, కింది అంచు మీద. ఆ అంచుల్లో రంధ్రం వేయడమంటే బండి నడుముకు గాటు పెట్టడమే. చాలా పికప్‌లకు ఛాసిస్‌కో, క్యాబిన్ కింది పట్టీకో కంపెనీ వాళ్లు వదిలిన రంధ్రాలుంటాయి. మీ మోడల్ కోసమే చేసిన కిట్ అయితే వాటికే సరిపోతుంది. "అన్ని బండ్లకూ పడుతుంది" అని అమ్మే స్టెప్పుకే కొత్త రంధ్రాలు కావాల్సి వస్తుంది.

ఒక కొసను క్యాబిన్‌కు, ఇంకో కొసను ఛాసిస్‌కు పట్టించడం మరో పొరపాటు. క్యాబిన్ రబ్బరు బుష్‌ల మీద కూర్చుని ఉంటుంది. బండి కదిలినప్పుడు క్యాబిన్ కదలిక వేరు, ఛాసిస్ కదలిక వేరు. రెంటినీ స్టెప్పుతో ముడివేస్తే ఆ లాగులాటలో బ్రాకెట్ పగులుతుంది, లేదా క్యాబిన్ రేకు చిరుగుతుంది. కిట్ తయారీదారు అలాగే బిగించమని చెబితే తప్ప ఆ పని చేయకండి.

అపోహ: బోల్టు ఎంత బలంగా బిగిస్తే అంత గట్టి.

వాస్తవం: బోల్టును బిగించినప్పుడు అది కొద్దిగా సాగుతుంది. సాగిన బోల్టు వెనక్కి లాగే బలమే రెండు ఇనుపముక్కలనూ కలిపి పట్టుకుంటుంది. తక్కువ బిగిస్తే పట్టు చాలదు. పానాకు పైపు తొడిగి బలమంతా ఉపయోగిస్తే బోల్టు హద్దు దాటి సాగిపోతుంది, మరలు తెగుతాయి. 8.8 అని తలమీద ముద్ర ఉన్న బోల్టులకు సుమారుగా లెక్క ఇది: ఎం8కు 25, ఎం10కు 45 నుంచి 50, ఎం12కు 80 నుంచి 85 న్యూటన్ మీటర్లు. కిట్‌తో వచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. మెకానిక్ దగ్గర ఈ బిగింపును కొలిచే టార్క్ రెంచ్ ఉందా అని అడగడానికి మొహమాటపడకండి.

తల మీద ఏ ముద్రా లేని బోల్టును స్టెప్పుకు వాడనివ్వకండి. తుప్పు పట్టదు కదా అని స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు అడిగేవాళ్లూ ఉన్నారు. బజారులో సాధారణంగా దొరికే ఏ2-70 రకం 8.8 కన్నా త్వరగా సాగుతుంది. తుప్పు భయం ఉంటే జింకు పూత ఉన్న 8.8 తీసుకోండి.

అపోహ: స్ప్రింగ్ వాషర్ వేశాం, ఇక చూడక్కర్లేదు.

వాస్తవం: నట్టు వదులవడానికి ముఖ్య కారణం పక్కవాటు కుదుపు. జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో ఈ సంగతిని ప్రయోగపూర్వకంగా చూపించాడు. అలాంటి కుదుపు ముందు మామూలు స్ప్రింగ్ వాషర్ పెద్దగా నిలవదు. లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్టు మెరుగు. అయితే ఒకసారి విప్పిన నైలాక్ నట్టు పట్టు తగ్గుతుంది కాబట్టి మళ్లీ బిగించేటప్పుడు కొత్తది వేయాలి. సైలెన్సర్ పక్కనైతే వేడికి నైలాన్ మెత్తబడుతుంది, అక్కడ పూర్తిగా ఇనుముతో చేసిన లాక్ నట్టు కావాలి.

కొత్త స్టెప్పు కింద పెయింటు, రబ్బరు, రేకు కుదుపులకు కొంత అణిగి, మొదట్లో ఉన్న బిగువు తగ్గుతుంది. అందుకే మొదటి 500 కిలోమీటర్లకు ఒకసారి, ఆ తర్వాత సర్వీసింగు చేయించినప్పుడల్లా టార్క్ చూడాలి. బిగించాక నట్టు మీదుగా బ్రాకెట్ మీదికి పెయింటుతో ఒక గీత గీయించండి. గీత తెగినట్టు కనిపిస్తే నట్టు తిరిగిందని అర్థం. వానాకాలం నాట్లప్పుడు నాగార్జునసాగర్ ఎడమ కాల్వ ఆయకట్టులో తిరిగే బండ్లకు బ్రాకెట్ల సందుల్లో బురద గట్టిపడుతుంది, దాని తేమే తుప్పుకు మూలం. సీజన్ అయ్యాక నీళ్లతో కడిగి, గీతలు పడ్డ చోట రెడ్ ఆక్సైడ్, పైన పెయింటు పూయించండి.

అపోహ: టైరు మార్చేటప్పుడు స్టెప్పు కింద జాకీ పెట్టొచ్చు.

వాస్తవం: వద్దు. పైనుంచి పడే మనిషి బరువుకు చేసిన బ్రాకెట్ కింది నుంచి వచ్చే బండి బరువుకు వంగుతుంది. జాకీ జారితే కింద చెయ్యి ఉన్నవాళ్ల ప్రాణానికే ప్రమాదం. జాకీ పాయింట్లు ఎక్కడో బండి పుస్తకంలో ఉంటుంది, అక్కడే పెట్టండి.

అపోహ: పక్కనుంచి ఎవరైనా గుద్దితే స్టెప్పు కాపాడుతుంది.

వాస్తవం: పెద్ద లారీల పక్కన కనిపించే రక్షణ కడ్డీలు వేరు. బైకు చక్రాల కిందికి దూరకుండా ఆపడానికి, నిర్ణీత ప్రమాణాల ప్రకారం పరీక్షించి పెట్టినవి అవి. మనం కొనే స్టెప్పు కాలు మోపడానికి మాత్రమే. బయటికి ఎక్కువగా పొడుచుకొచ్చిన పైపు సందుల్లో నడిచేవాళ్ల పిక్కలకు, పక్కన పోయే బైకులకు తగులుతుంది. టైరు అంచు దాటి బయటికి రాని స్టెప్పునే ఎంచుకోండి.

అపోహ: స్టెప్పు ఉంది కదా, దగ్గరి ఊరికే కదా, కూలీలు నిలబడి రావచ్చు.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇది. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 123 ఈ విషయంలో సూటిగా ఉంది. ఫుట్‌బోర్డు మీద మనిషిని ఎక్కించుకుని బండి నడపడం తప్పు, అలా ప్రయాణించడమూ తప్పు. దూరం ఎంతైనా ఆ నియమం మారదు. బండి ఆగి ఉన్నప్పుడు ఒక మనిషి ఎక్కి దిగడానికి చేసిన బ్రాకెట్ మీద ముగ్గురు నిలబడి, కాల్వ కట్ట మీది గుంతల్లో పోతే ఆ బోల్టుల మీద పడే భారం మొదటి లెక్కకు ఎన్నో రెట్లు. బురద కాళ్లకు తడి పైపు మీద పట్టు ఉండదు. జారితే పడేది వెనక చక్రం ముందే. నాటుకు పోయే ఆడకూతుళ్ల ప్రాణం డీజిల్ ఖర్చు కన్నా, ఆదా అయ్యే ఒక ట్రిప్పు కన్నా ఎంతో విలువైనది.

అపోహ: మన బండికి మనం ఏం పెట్టుకున్నా అడిగేవాళ్లు లేరు.

వాస్తవం: రిజిస్ట్రేషన్‌లో నమోదైన కంపెనీ నమూనాకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52 చెబుతుంది. బండి మూల స్వరూపాన్ని మార్చే పనిని ఆ సెక్షన్ మార్పుగా లెక్కిస్తుంది. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖాయం చేసింది. అదే ఏడాది చేసిన సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం, అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ఛాసిస్‌ను కోయడం, వెల్డింగ్ చేయడం జోలికి పోకుండా, కంపెనీ రంధ్రాలకు బోల్టులతో పట్టే కిట్‌ను, వీలైతే ఆ కంపెనీ అధికారిక యాక్సెసరీనే కొని, బిల్లు దాచుకోవడం యజమానికి క్షేమం. ఇన్సూరెన్సు వాళ్లకు కూడా తెలియజేయండి.

పికప్ యజమానులకు, డ్రైవర్ అన్నలకు ఒక మనవి. ఈ వారం బండి కడిగేటప్పుడు ఒక్కసారి వంగి స్టెప్పు కిందికి చూడండి. బోల్టు తలమీద 8.8 ఉందా? బ్రాకెట్ మూలల్లో సన్నటి పగులు గీత ఉందా? నట్టు చుట్టూ ఎర్రటి తుప్పు పొడి రాలుతోందా? చేత్తో పట్టి ఊపితే టకటకమంటోందా? వీటిలో ఏదైనా లోపం కనిపిస్తే, దాన్ని సరిచేయించే దాకా ఆ స్టెప్పు మీద ఎవరినీ కాలు పెట్టనివ్వకండి.