కుక్కలకు వెంట్రుకలు రాలుట – సహజమేది? జబ్బేది?

వేముల, పులివెందుల ప్రాంతములలో చీనీతోటకు, గొర్రెల మందకు, ఇంటి వాకిటికి కుక్కను కావలి పెట్టుకొనిన రైతులు చాలామంది కలరు. కుక్క జీతమడుగని జీతగాడు. ఎండాకాలము దగ్గర పడగానే దాని వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా రాలుట మొదలగును. అప్పుడు కొందరు ఏదో రోగము తగిలినదని భయపడి పైరుకు కొట్టు పురుగుమందును నీళ్లలో కలిపి కుక్కకు పూయుదురు. మరికొందరు నిజముగా గజ్జి పట్టినను “కాలము మారినది, రాలుచున్నది” అని ఊరకుందురు. మొదటి పని వలన కుక్క ప్రాణము పోవచ్చును. రెండవ దాని వలన ఇంటిలోని పిల్లలకు దురద అంటుకొనవచ్చును. ఈ రెంటికి భేదము తెలిసికొనుట కష్టము కాదు.

వెంట్రుక ఎందుకు రాలును?

వేపచెట్టు ఏటేటా పండుటాకు రాల్చి చిగుర్చును గదా! కుక్క వెంట్రుక సంగతియు అట్టిదే. ప్రతి వెంట్రుకయు కొంతకాలము పెరుగును, కొంతకాలము ఎదుగుదల ఆగి నిలుచును, పిదప రాలిపోవును. దాని స్థానమున క్రొత్తది వచ్చును. పగటి పొడవు, వేడిమి మారుటను బట్టి ఈ మార్పు జరుగును. అందుచేత ఆరుబయట తిరుగు కుక్కలకు ఎండాకాలమునకు ముందు ఒకమారు, చలికాలమునకు ముందు మరొకమారు ఎక్కువగా రాలును. ఎల్లప్పుడు ఇంటిలో, దీపముల వెలుగున ఉండు కుక్కలకు సంవత్సరము పొడవునా కొద్దికొద్దిగా రాలుచుండును.

అల్సేషన్, లాబ్రడార్, పొమరేనియన్ జాతులకు పైన ముతక వెంట్రుకలు, అడుగున దూదివంటి మెత్తని నూగు, ఈ విధముగా రెండు పొరలు ఉండును. అడుగు పొర విడుచునప్పుడు ఇల్లంతయు వెంట్రుకలే. ఈనిన ఆడకుక్కకు కొన్ని వారముల తరువాత ఒళ్లంతా పలుచబడును. పాలు మరచిన పిమ్మట మంచి మేపు దొరికినచో మరల వెంట్రుక వచ్చును.

జబ్బును గుర్తించుట

వెంట్రుకలను ప్రక్కకు తీసి చర్మమును చూడుడు. చర్మము నునుపుగా, పుండ్లు లేక, ఒళ్లంతా సమముగా రాలుచు, కుక్క హుషారుగా తినుచున్నచో అది సహజము. ఈ క్రింది గుర్తులున్నచో జబ్బని తలచవలెను.

1. చెవి అంచులు, మోచేతులు, పొట్ట భాగమున వెంట్రుక పోయి, చెక్కులు కట్టి, రాత్రింబగళ్లు గోకుకొనుట: ఇది గజ్జి. కంటికి కనపడని పురుగులు చర్మములో సొరంగములు త్రవ్వి గ్రుడ్లు పెట్టుట దీనికి కారణము. ఇది ఇతర కుక్కలకు త్వరగా అంటుకొనును. కుక్కతో పడుకొను పిల్లలకును దురద, పొక్కులు వచ్చును.

2. కూనలకు కండ్ల చుట్టు, మూతి చుట్టు దురద అంతగా లేకయే బోడి మచ్చలు పడుట: ఇది మరొక జాతి గజ్జి పురుగు వలన కలుగును. మనుష్యులకు అంటదు.

3. గుండ్రని మచ్చలలో వెంట్రుక తెగి పొట్టు రాలుట: ఇది తామర అను శిలీంధ్ర వ్యాధి. ఇది మనుష్యులకు అంటును.

4. తోక మొదలున, నడుము మీద కొరుకుకొనుట: దీనికి ఎక్కువగా కారణము ఈగపేను.

5. చెవులలో, కాలివ్రేళ్ల సందున గోమార్లు పట్టుట: ఇవి రక్తము పీల్చుటయే గాక ప్రమాదకరమైన జ్వరములను కలిగించును. కుక్క మేపు మాని, చిగుళ్లు తెల్లబడి, జ్వరముతో మూలుగుచున్నచో ఆలస్యము చేయరాదు.

6. ముసలి కుక్కకు దురద లేకుండ రెండు ప్రక్కల సమానముగా వెంట్రుక పోయి, ఒళ్లు బరువెక్కుట: ఇది గ్రంథుల లోపము కావచ్చును. రక్తపరీక్ష అవసరము.

మేపు

వెంట్రుక దాదాపు అంతయు మాంసకృత్తులతో నిర్మితమైనది. రాగిసంగటి, మజ్జిగన్నము మాత్రమే వేసినచో కడుపు నిండును గాని వెంట్రుకకు బలము చాలదు. ఉడికించిన గ్రుడ్డు, కొద్దిగా మాంసము లేక చేపలు, వీలుపడని నాడు ఉడికిన పప్పు సంగటిలో కలిపి పెట్టవలెను. ఒక చెంచా వేరుశనగ నూనె గాని, ప్రొద్దుతిరుగుడు నూనె గాని కలిపిన చర్మము పొడిబారదు.

బూజు పట్టిన వేరుశనగ గింజలను, చెక్కను కుక్కకు పెట్టరాదు. 1960లో ఇంగ్లండులో బ్రెజిల్ వేరుశనగ పిండి తిని వేలకొలది టర్కీకోళ్లు చచ్చినప్పుడే అఫ్లటాక్సిన్ అను బూజు విషము బయటపడినది. ఈ విషము కుక్క కాలేయమునకును హాని చేయును.

చచ్చిన గొర్రె కాలేయము, ఊపిరితిత్తులు పచ్చివిగా వేయరాదు. వానిలోని నీటితిత్తుల వలన కుక్క కడుపులో బద్దెపురుగులు పెరుగును. ఆ పురుగుల గ్రుడ్లు కుక్క పెంటతో బయటపడి మందకు, మనుష్యులకును చేటు తెచ్చును. కడుపులో పురుగులున్న కుక్క చిక్కిపోయి, వెంట్రుక మెరుపు తగ్గి గరుకుగా ఉండును. నట్టల మందు పశువైద్యుడు చెప్పిన గడువులలో త్రాగించవలెను.

దువ్వుట, స్నానము

రాలు కాలమున రోజూ, తక్కిన దినములలో వారమునకు రెండు మార్లు దువ్వెనతో దువ్వవలెను. దువ్వునప్పుడే గోమార్లు, పుండ్లు కనపడును. స్నానము నెలకొకటి రెండు మార్లు చాలును. మనము వాడు సబ్బు కుక్క చర్మమునకు పనికిరాదు. దానిని పొడిబార్చి మరింత దురద కలిగించును. కుక్కల కొరకు చేసిన షాంపూ వాడవలెను.

ఎండలు 40 డిగ్రీలు దాటు మన జిల్లాలో, చల్లదనము కొరకని కొందరు రెండు పొరల కుక్కకు క్షౌరము చేయింతురు. అది తప్పు. పై వెంట్రుక ఎండ నేరుగా చర్మమునకు తగులకుండ కాపాడును. నీడ, చల్లని త్రాగునీరు, దువ్వెన – ఇవియే తగిన ఉపాయములు.

చేయకూడని పనులు

మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటి పైరు మందులను ఎంత పలుచగానైనను కుక్కకు పూయరాదు. చర్మము గుండా లోనికి పోవును. కుక్క నాకి కొంత మ్రింగును. చొంగ కారుట, వణకుట, కంటిపాప చిన్నదగుట, ఊపిరి ఆడకపోవుట విషము సోకిన గుర్తులు. వెంటనే చేతులకు తొడుగు వేసికొని, నీటితో సబ్బుతో బాగుగా కడిగి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి తీసికొనిపోవలెను. కాలిన ఇంజిను నూనెయు ఇట్లే ప్రమాదకరము.

గొర్రెలకు వేయు ఐవర్‌మెక్టిన్ సూదిని మిగిలినదని కుక్కకు వేయరాదు. మోతాదు మించిన నాడీమండలము దెబ్బతినును. కోలీ వంటి కొన్ని జాతులు కొద్ది మోతాదుకే చచ్చును.

చికిత్స

చర్మమును గీకి సూక్ష్మదర్శినిలో చూచిన గజ్జి పురుగులు కనపడవచ్చును. అందుచేత దగ్గరి పశువైద్యశాలకు కుక్కను తీసికొనిపోయి, జబ్బు ఏదో తేల్చుకొని మందు వాడవలెను. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందిన కళాశాల ప్రొద్దుటూరులోనే కలదు. గజ్జికి వైద్యము చేయించునప్పుడు ఇంటిలోని కుక్కలన్నిటికి ఒకేమారు చేయించవలెను. లేనిచో ఒకదాని నుండి మరొకదానికి మరల అంటును. పడక గోనెలను ఉడుకునీటిలో ఉతికి ఎండవేయవలెను. గోమారి ఒక్కటి వేలకొలది గ్రుడ్లు పెట్టును గనుక గోడ పగుళ్లను పూడ్చవలెను.

ఏటేటా జులై 6న జరుగు జూనోసిస్ దినమున పశువైద్యశాలలలో పిచ్చికుక్క వ్యాధి టీకాలు ఉచితముగా వేయుచుందురు. గ్రామాధికారులు ఈ సంగతిని ముందుగా చాటింపు వేయించిన మేలు. టీకాకు తెచ్చిన కుక్క చర్మమును కూడ అప్పుడే చూపించుకొనవచ్చును.

ఆరోగ్యముగల కుక్క రాల్చిన వెంట్రుకలను పెంటదిబ్బలో వేయవచ్చును. మెల్లగా కుళ్లి పైరుకు నత్రజని ఇచ్చును. గజ్జి, తామర పట్టిన కుక్క వెంట్రుకలను మాత్రము లోతుగా పూడ్చవలెను.

రైతు సోదరులారా! ముందు చర్మమును చూడుడు, తరువాత మేపును చూడుడు, అనుమానమున్నచో పశువైద్యునికి చూపుడు. పురుగుమందు డబ్బాను మాత్రము కుక్క దగ్గరకు తేకుడు.