పస్కా పండుగ – యూదుల ఇంటి వంట

తెలుగు బైబిలు చదివినవారికి ‘పస్కా’, ‘పులియని రొట్టెలు’ అనే మాటలు కొత్తవి కావు. హీబ్రూలో ఈ పండుగ పేరు పెసాహ్. ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాస్యం నుంచి బయటపడిన రాత్రి, పిండి పులిసేంత వ్యవధి కూడా లేకుండా బయలుదేరారని నిర్గమకాండం చెబుతుంది. దాని స్మృతిగా నీసాను నెల 15వ తేదీ మొదలుకొని ఇజ్రాయెల్‌లో 7 రోజులు, ఇతర దేశాల్లోని సంప్రదాయ కుటుంబాల్లో 8 రోజులు ఈ పండుగ జరుగుతుంది. తమను యూదులుగా భావించుకొనే బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు సమూహం గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో ఉంది. వారూ పస్కా జరుపుకుంటారు.

ఈ రోజుల్లో పులిసిన ధాన్యపదార్థాన్ని తినకూడదు, ఇంట్లో ఉంచుకోనూ కూడదు. దానిని ‘హమేట్స్’ అంటారు. పస్కా వంటను అర్థం చేసుకోవాలంటే వంటకాల పేర్లతో కాక ఈ నిషేధంతో మొదలుపెట్టాలి.

పులియడం అంటే ఏమిటి? ఈస్టు కలిపితేనే పిండి పులుస్తుందని విద్యార్థులు రాయడం పరీక్షపత్రాలు దిద్దిన రోజుల్లో తరచుగా చూశాను. యూద ధర్మశాస్త్రం లెక్క వేరు. గోధుమ, బార్లీ, రై, ఓట్స్, గోధుమ జాతికే చెందిన స్పెల్ట్ – ఈ 5 ధాన్యాల్లో దేని పిండినైనా తడిపి 18 నిమిషాలు కదపకుండా వదిలేస్తే అది హమేట్స్. చపాతీ పిండి తడిపి అరగంట మూతపెట్టి ఉంచుతాం కదా, ఈస్టు లేకపోయినా ఆ చపాతీ పస్కాకు పనికిరాదు.

అందుకే పండుగ రొట్టె అయిన ‘మాట్సా’ తయారీలో అంత తొందర. పిండి, నీళ్లు మాత్రమే కలిపి, పలుచగా వత్తి, పొంగకుండా చిల్లులు పొడిచి, మండే పొయ్యిలో కాలుస్తారు. ఇదంతా 18 నిమిషాల్లో ముగియాలి. 19వ శతాబ్దంలో మాట్సా యంత్రాలు వచ్చినప్పుడు తూర్పు ఐరోపా రబ్బీల మధ్య తీవ్రమైన వాదం జరిగింది. యంత్రం సందుల్లో ఇరుక్కున్న పిండి పులుస్తుందన్నది ఒక అభ్యంతరం. మాట్సా వత్తి పండుగ ఖర్చులు సంపాదించుకొనే పేదల కూలి పోతుందన్నది మరొకటి. ఈ రెండో అభ్యంతరాన్ని విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. వంటింటి నియమం వెనుక కూలి ప్రశ్న కూడా ఉంది.

ఇంటిని సిద్ధం చేయడం వారాల తరబడి సాగే పని. ఆ భారం ఎక్కువగా ఆడవారిదే. అలమరలు, సొరుగులు దులిపి, కొన్ని పాత్రలను సలసల మరిగే నీటిలో ముంచి శుద్ధి చేస్తారు. కలిగినవారు పస్కాకే వేరే పాత్రలు ఉంచుకుంటారు. పండుగ ముందురోజు రాత్రి కొవ్వొత్తి వెలుగులో మూలమూలలా వెతికి, దొరికిన రొట్టె ముక్కలను మర్నాడు ఉదయం కాల్చేస్తారు.

తొలి రాత్రి భోజనం పేరు ‘సేదెర్’. బానిసత్వపు చేదుకు గుర్తుగా చేదు ఆకు తినాలి. పోలండు, లిథువేనియా చలిలో ఆ రోజులకు ఆకుకూరలు దొరకక హార్స్‌ర్యాడిష్ అనే ఘాటు దుంపను తురిమి తిన్నారు. అది చేదు కాదు, కళ్లలో నీళ్లు తెప్పించే కారం. ఇటుకల మధ్య పెట్టే అడుసును గుర్తుచేసే ‘హరోసెత్’ పచ్చడి కూడా ఊరినిబట్టి మారుతుంది. తూర్పు ఐరోపాలో ఆపిల్, అక్రోటు, దాల్చిన చెక్క, ద్రాక్షసారాయి కలుపుతారు. ఇరాక్ యూదులు ఖర్జూరపు పాకంలో అక్రోటు వేస్తారు. వెట్టిచాకిరీకి గుర్తయిన పదార్థం పళ్లెంలో అన్నిటికంటే తియ్యగా ఉండటం నాకెప్పుడూ ఆసక్తికరమే.

మాట్సాను పొడిచేసి, గుడ్డు, కోడి కొవ్వు కలిపి ఉండలు చేసి కోడి పులుసులో ఉడికిస్తే ‘క్నేడ్లాహ్’. అష్కెనాజీ ఇళ్లలో, అంటే మధ్య, తూర్పు ఐరోపా మూలాలున్న యూదుల ఇళ్లలో, ఇది పస్కా వంటకాల్లో మొదటిది. అయితే హసీదీ కుటుంబాలు చాలావరకు మాట్సాను తడపనే తడపవు. లోపల కాలని పిండి మిగిలి ఉండి, తడి తగిలితే పులుస్తుందేమోనని వారి జాగ్రత్త.

అసలు వివాదమంతా బియ్యం దగ్గర ఉంది. యోహనాన్ బెన్ నూరీ అనే పండితుడు బియ్యం కూడా పులిసే ధాన్యమేనన్నాడు. తల్ముద్ ఆ మాటను అంగీకరించలేదు. నానిన బియ్యం పులవదు, కుళ్లుతుంది అని తేల్చింది. ఇడ్లీ పిండి పొంగడం రోజూ చూసే మనకు ఇది వింతగా తోచవచ్చు, కానీ ఇది రసాయనశాస్త్ర విభజన కాదు, ధర్మశాస్త్ర విభజన. సేదెర్ పళ్లెంలో పెట్టే రెండు వండిన పదార్థాలుగా బీటు, బియ్యం సరిపోతాయని రవ్ హూనా అన్నట్లు అదే తల్ముద్‌లో ఉంది.

ఇలా ఉండగా 13వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో బియ్యం, పప్పుధాన్యాలు మానే ఆచారం కనబడుతుంది. బస్తాల్లో గోధుమ గింజలు కలిసిపోతాయని, పిండిగా విసిరాక తేడా తెలియదని కారణాలు చెప్పారు. అష్కెనాజీలు దీన్ని నియమంగా పాటించారు. స్పెయిన్, ఇరాక్ మూలాలున్నవారిలో చాలామందీ, మన దేశంలోని కొచ్చిన్ యూదులూ బియ్యం వదల్లేదు. కొన్ని ఇళ్లలో పస్కా బియ్యాన్ని గింజగింజా చూస్తూ మూడుసార్లు ఏరుతారు. ఈ రెండు సంప్రదాయాల మధ్య పెళ్లి జరిగితే చిక్కు వస్తుంది. పుట్టింట పండుగ భోజనమైన పులావు అత్తింట నిషిద్ధమవుతుంది. అమెరికాలోని కన్సర్వేటివ్ శాఖ ధర్మశాస్త్ర సంఘం 2015లో తమ అష్కెనాజీలకు ఈ ధాన్యాలను అనుమతించింది. ఛాందస అష్కెనాజీ కుటుంబాలు మాత్రం మారలేదు. కారణాలు చెల్లిపోయినా అమ్మమ్మ ఇంట్లో లేని గిన్నెను బల్ల మీద పెట్టడం సులువు కాదు.

పండుగ ముగిసిన రాత్రి మొరాకో యూదులు ‘మిమూనా’ జరుపుకుంటారు. ఇంట్లో పిండి ఉండదు కనుక, మొరాకోలో ఉన్న కాలంలో ముస్లిం ఇరుగుపొరుగువారు పిండి, వెన్న, పాలు, తేనె తెచ్చి ఇచ్చేవారు. ఆ పిండితో పెనం మీద ‘ముఫ్లెటా’ అనే పలుచని రొట్టెలు ఒకదానిమీద ఒకటి కాల్చి, వెన్నా తేనే రాసుకొని, తలుపులు తెరిచిపెట్టి వచ్చినవారందరితో కలిసి తింటారు.